వరదకు ఒక పాలసీ, దొంగతనానికి మరొకటి: ఇంటి బీమా ఎంచుకునే ముందు పోల్చి చూడవలసినవి

మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షన్ రోడ్డెక్కే ప్రతి వాహనానికీ థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది. ఇంటికి అటువంటి నిర్బంధం లేదు. అందువల్ల ఎనిమిది లక్షల కారుకు ఏటా మరువకుండా ప్రీమియం కట్టే కుటుంబం, జీవితకాలపు సంపాదన పోసి కట్టుకున్న ఇంటిని ఏ రక్షణా లేకుండా వదిలేయడం మన ఊళ్ళలో మామూలు విషయమైపోయింది. 2014 అక్టోబరులో విశాఖపట్నాన్ని హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు, 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలు నీట మునిగినప్పుడు, 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయినప్పుడు, నష్టపోయిన వారిలో అత్యధికులు ప్రభుత్వ సాయం కోసం ఎదురుచూడవలసి వచ్చింది. ప్రభుత్వ సాయం ఆదుకునేందుకు ఇచ్చేదే తప్ప, పోయినదాన్ని పోయినంతగా పూడ్చేది కాదు. ఆ పని చేయగలిగింది బీమా ఒక్కటే, అదీ సరైన పాలసీని సరైన మొత్తానికి తీసుకున్నప్పుడు.

ఇంటికి బీమా చేయించాలనుకున్నవారి ముందు సాధారణంగా మూడు దారులుంటాయి. మొదటిది, బీమా నియంత్రణ ప్రాధికార సంస్థ అయిన ఐ.ఆర్.డి.ఎ.ఐ. రూపొందించగా 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీ. రెండవది, అగ్నిప్రమాదంతో పాటు దొంగతనం, ఉపకరణాల మరమ్మతు వంటివాటిని కలిపి ఒక్కొక్క సంస్థ తన పద్ధతిలో అమ్మే గృహస్థుల ప్యాకేజీ పాలసీ. మూడవది, ఇంటి రుణం తీసుకున్నప్పుడు బ్యాంకు దస్తావేజులతో పాటు సంతకం పెట్టించుకునే పాలసీ. ఈ మూడూ ఒకే పని చేస్తాయనుకోవడమే అసలు చిక్కు. వీటిని ప్రీమియం పక్కన ప్రీమియం పెట్టి పోల్చడం కంటే, మీ ఇంటికి నష్టం ఏ వైపు నుంచి వచ్చే అవకాశం ఎక్కువో ముందుగా ఆలోచించి, ఆ నష్టానికి ఏ పాలసీ ఎంత చెల్లిస్తుందో చూడడం మంచిదని నా నిశ్చితాభిప్రాయం.

భారత్ గృహ రక్ష ఏమిస్తుంది

ఈ పాలసీ నిబంధనలు ఏ సంస్థ దగ్గర కొన్నా ప్రధానంగా ఒకటే కావడం దీని మొదటి మేలు. అగ్నిప్రమాదం, పిడుగు, పేలుడు, భూకంపం, తుపాను, వరద, ముంపు, కొండచరియలు విరిగిపడడం, అల్లర్లు, ఉగ్రవాద చర్య, బయటి వాహనం వచ్చి గోడను ఢీకొట్టడం, నీళ్ళ ట్యాంకులు, పైపులు పగిలిపోవడం వంటివన్నీ ఇందులో ఉన్నాయి. ఇంటి భవనం అన్న మాటలో గదులు మాత్రమే కాక ప్రహరీ, గేటు, వరండా, సెప్టిక్ ట్యాంకు, స్థిరంగా కట్టిన నీటి తొట్టెలు, పైకప్పు మీది సౌర ఫలకాలు కూడా చేరతాయి. ఇల్లు నివాసయోగ్యం కాకుండా పోతే మరమ్మతు పూర్తయ్యేదాకా వేరే చోట ఉండడానికయ్యే అద్దె, శిథిలాలు తొలగించేందుకు క్లెయిము మొత్తంలో 2 శాతం దాకా, ఇంజనీరు, ఆర్కిటెక్టు రుసుముల కింద 5 శాతం దాకా చెల్లించే ఏర్పాటు కూడా పాలసీలోనే కలిసి ఉంటుంది.

అయితే దీన్ని పాత అగ్ని బీమా పాలసీల కంటే మేలైనదిగా నిలబెట్టేది తక్కువ బీమాకు కోత వేసే సూత్రాన్ని తొలగించడం. పాత పద్ధతిలో 24 లక్షల రూపాయల విలువైన భవనానికి 12 లక్షలకే బీమా చేయించి ఉంటే, వరదలో 4 లక్షల నష్టం జరిగినప్పుడు సంస్థ మీరు సగానికే బీమా చేయించారు కాబట్టి నష్టంలో సగమే ఇస్తానని 2 లక్షలతో సరిపెట్టేది. ప్రీమియం తగ్గుతుందని తక్కువ మొత్తం రాయించుకున్న వారికి ఈ లెక్క క్లెయిము నాడు గానీ తెలిసేది కాదు. గృహ రక్షలో ఈ కోత లేదు. బీమా మొత్తానికి లోబడి, జరిగిన నష్టాన్ని పూర్తిగా చెల్లించాలి. అలాగని తక్కువ మొత్తానికి రాయించుకోవచ్చునని అనుకోకూడదు. ఇల్లు మొత్తంగా కూలిపోతే చేతికి వచ్చేది ఆ రాయించుకున్న మొత్తమే.

ఆ మొత్తాన్ని లెక్కగట్టే పద్ధతి కూడా తేలికైనదే. ఇంటి కార్పెట్ ఏరియాను, అంటే గోడల లోపల వాడుకునే నేల విస్తీర్ణాన్ని, పాలసీ మొదలయ్యే నాటికి మీ ఊళ్ళో చదరపు అడుగుకు అయ్యే నిర్మాణ వ్యయంతో గుణించాలి. ఉదాహరణకు 1,100 చదరపు అడుగుల కార్పెట్ ఏరియా ఉన్న ఇంటికి చదరపు అడుగుకు 2,200 రూపాయల వ్యయం అనుకుంటే భవనం బీమా మొత్తం 24,20,000 రూపాయలవుతుంది. ఇక్కడ చాలామంది తడబడతారు. మార్కెట్టులో ఆ ఇల్లు 80 లక్షలు పలుకుతోంది కాబట్టి 80 లక్షలకు బీమా చేయించాలనుకుంటారు. అందులో అధిక భాగం స్థలం ధర. వరద వచ్చినా, నిప్పంటుకున్నా స్థలం ఎక్కడికీ పోదు, దానికి బీమా లేదు. 80 లక్షలకు ప్రీమియం కట్టినా తిరిగి కట్టుకోవడానికయ్యే ఖర్చుకు మించి సంస్థ ఇవ్వదు. రిజిస్ట్రేషన్ పత్రంలోని విలువ, అమ్మకపు ధర, బ్యాంకు రుణం, ఈ మూడింటిలో ఏదీ సరైన ఆధారం కాదు. స్థానిక మేస్త్రీనో ఇంజనీరునో అడిగి నేటి నిర్మాణ వ్యయం తెలుసుకోవడమే సరైన మార్గం.

భవనంతో పాటు సామానుకు కూడా రక్షణ ఎంచుకుంటే, ఏ జాబితా ఇవ్వనక్కర లేకుండానే భవనం బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల మేరకు సాధారణ సామానుకు బీమా వర్తిస్తుంది. పై ఉదాహరణలో అది 4,84,000 రూపాయలు. మధ్యతరగతి ఇంటికి ఇది చాలా సందర్భాల్లో సరిపోతుంది గానీ, నేల అంతస్తులో ఉన్న ఇంటి విషయంలో ఒకసారి గది గదీ తిరిగి లెక్క వేసుకోవడం అవసరం. నడుములోతు నీళ్ళు వస్తే ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఇన్వర్టరు బ్యాటరీ, మంచాలు, పరుపులు, సోఫా, బీరువా అడుగు అరలోని పట్టుచీరలు, వంటింటి గట్టు కింద ఉన్న గ్రైండరు, అన్నీ ఒకే పూటలో పోతాయి. గోడకు బిగించిన ప్లైవుడ్ కబోర్డులు నీటికి ఉబ్బి పొరలు విడిపోతాయి. ఆ పరిమితి కంటే ఎక్కువ విలువైన సామాను ఉన్నప్పుడు వివరాలిచ్చి అదనపు మొత్తానికి బీమా చేయించుకోవచ్చు. సామానుకు చెల్లింపు కొత్త వస్తువు ధర ప్రాతిపదికన ఉండడం మరో మేలు.

ఇది ఆదుకోని నష్టాలు

వరద, అగ్ని వంటి ప్రమాదం జరిగిన ఏడు రోజుల లోపు, ఆ ప్రమాదం కారణంగా జరిగిన దొంగతనానికి మాత్రమే గృహ రక్ష చెల్లిస్తుంది. ఇల్లు ముంచెత్తిన వరద నీటిలో తలుపులు తెరిచి వదిలి వెళ్ళినప్పుడు ఎవరో టీవీ ఎత్తుకుపోతే అది ఇందులోకి వస్తుంది. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు తాళం పగలగొట్టి దోచుకుంటే రాదు. పాలసీ పేరులో రక్ష ఉందని అన్నిటికీ రక్ష ఉన్నట్టు భావించేవారు ఈ భేదాన్ని ముందే గుర్తించాలి. అదేవిధంగా, షార్ట్ సర్క్యూట్ వల్ల కాలిపోయిన ఉపకరణం విలువ ఇవ్వరు. దాని నుంచి నిప్పు వ్యాపించి ఇతర సామాను తగలబడితే ఆ సామానుకు ఇస్తారు. కొత్త కట్టడం కుదురుకునేటప్పుడు గోడలకు పడే మామూలు పగుళ్ళు, నాసిరకం పనితనం వల్ల వచ్చిన నష్టం, నది కోత వల్ల పోయిన భూమి కూడా దీని పరిధిలోకి రావు. చివరి అంశం గోదావరి, కృష్ణా లంక గ్రామాల వారు ప్రత్యేకంగా గమనించవలసినది.

బంగారం సంగతి వేరుగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన ఇళ్ళలో సామాను మొత్తం విలువ కంటే బీరువాలోని నగల విలువ ఎక్కువ ఉండడం అరుదేమీ కాదు. గృహ రక్షలో నగలు, వెండి సామాను, కళాఖండాలు సాధారణ సామాను లెక్కలోకి రావు. వాటికి అదనపు రక్షణ విడిగా కోరుకోవాలి. విలువను ముందే ఇరువర్గాలూ ఒప్పుకుంటాయి. మొత్తం 5 లక్షల లోపు, ఏ ఒక్క వస్తువూ లక్ష రూపాయలకు మించనప్పుడు విలువ ధ్రువపత్రం అడగరు, అంతకు మించితే అడుగుతారు. అయినా ఆ రక్షణ కూడా ప్రధానంగా పాలసీలో చెప్పిన ప్రమాదాలకే కాబట్టి, మామూలు దొంగతనం భయం ఉన్నవారికి దాంతో తీరదు.

లాకరులో పెట్టాం కనుక బంగారానికి బీమా అక్కరలేదనేవారు ఒక లెక్క చూసుకోవాలి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, 2022 జనవరి 1 నుంచి, అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడీ, భవనం కూలిపోవడం, సిబ్బంది మోసం వంటి సందర్భాల్లో బ్యాంకు బాధ్యత లాకరు వార్షిక అద్దెకు వంద రెట్లకు పరిమితం. ఏడాదికి 3,000 రూపాయలు అద్దె కట్టేవారికి అది 3 లక్షలు. ఇక భూకంపం, వరద, పిడుగు వంటి ప్రకృతి వైపరీత్యాల్లో, బ్యాంకు నిర్లక్ష్యం లేనప్పుడు ఆ మేరకు కూడా బాధ్యత ఉండదు. లాకరు తప్పకుండా ఇంటి బీరువా కంటే భద్రమైనదే. కానీ భద్రత వేరు, నష్టపరిహారం వేరు.

ప్యాకేజీ పాలసీని చూసే తీరు

గృహస్థుల ప్యాకేజీ పాలసీల్లో అగ్ని, ప్రకృతి వైపరీత్యాల విభాగంతో పాటు దొంగతనం, నగలు, ఉపకరణాల యాంత్రిక లోపం, గాజు పగలడం, మీ ఇంటి వల్ల పొరుగువారికి జరిగిన నష్టానికి మీరు చెల్లించవలసిన పరిహారం వంటి విభాగాలు ఉంటాయి. వీటిలో కావలసినవి ఎంచుకోవచ్చు. ఇక్కడ నిబంధనలు సంస్థకొక తీరుగా ఉంటాయి కనుక పోలిక కష్టమవుతుంది. ఆ కష్టం పడక తప్పదు. ముఖ్యంగా మూడు చోట్ల అక్షరం అక్షరం చదవాలి. తాళమో తలుపో పగలగొట్టి బలవంతంగా లోపలికి ప్రవేశించిన ఆనవాలు ఉంటేనే దొంగతనంగా పరిగణిస్తారా అన్నది మొదటిది. ఇంట్లో పనిచేసేవారి చేతివాటాన్ని మినహాయించారా, ఇల్లు వరుసగా ఇన్ని రోజులకు మించి తాళం వేసి ఉంటే రక్షణ ఆగిపోతుందా అన్నది రెండవది. తక్కువ బీమాకు కోత వేసే పాత సూత్రం దొంగతనం విభాగంలో ఇంకా ఉందా అన్నది మూడవది. గృహ రక్షలో తొలగిన ఆ కోత ప్యాకేజీలోని ఇతర విభాగాల్లో తిరిగి ఎదురు కావచ్చు.

యాంత్రిక లోపాల విభాగం విషయంలో నాకు ఉత్సాహం తక్కువ. వాషింగ్ మెషిన్ మోటారు కాలిపోతే అయ్యే ఖర్చు ఇంటి బడ్జెట్టును కూల్చేది కాదు; అటువంటి చిన్న నష్టాల కోసం ఏటేటా ప్రీమియం పెంచుకోవడం కంటే, ఆ డబ్బుతో భవనం బీమా మొత్తాన్నో సామాను బీమా మొత్తాన్నో సరిచేసుకోవడం మేలు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే, పగలంతా తాళం పడి ఉండే, విడి డాబా ఇల్లయితే దొంగతనం విభాగం నిజంగా అవసరం. కావలివాళ్ళు, కెమెరాలు ఉన్న అపార్టుమెంటులో ఐదో అంతస్తులో ఉండేవారికి ఆ అవసరం కొంత తక్కువ.

బ్యాంకు ఇప్పించిన పాలసీ

ఇంటి రుణంతో పాటు వచ్చే పత్రాల్లో రెండు భిన్నమైన పాలసీలు కలగలిసి ఉంటాయి. ఒకటి, రుణగ్రహీత మరణిస్తే మిగిలిన అప్పు తీర్చే పాలసీ. అది మనిషికి సంబంధించినది; దాన్ని ఇంటి బీమాగా పొరబడి నిశ్చింతగా ఉన్న కుటుంబాలెన్నో ఉన్నాయి. గోడ కూలితే అది ఒక్క రూపాయి ఇవ్వదు. రెండవది, భవనానికి చేయించిన అసలు అగ్ని బీమా. దీని షెడ్యూలు, అంటే మొత్తాలు, తేదీలు రాసి ఉన్న పేజీ తీసి మూడు విషయాలు చూడండి: బీమా మొత్తం మిగిలిన రుణంతో సమానమా లేక నిర్మాణ వ్యయంతో సమానమా, సామాను ఎదుట ఏదైనా అంకె ఉందా లేక ఖాళీగా ఉందా, గడువు తేదీ ఇంకా ముందుందా. రుణం 9 లక్షలకు తగ్గినప్పుడు భవనానికి 9 లక్షలకే బీమా ఉంటే, పెద్ద నష్టంలో బ్యాంకుకు రావలసినది బ్యాంకుకు పోయి, ఇల్లు తిరిగి కట్టుకోవడానికి మీ చేతిలో మిగిలేది ఏమీ ఉండదు. బ్యాంకు తన హక్కును పాలసీలో నమోదు చేయించుకోవడం న్యాయమే. దాని కోసం బ్యాంకు చూపిన సంస్థ దగ్గరే కొనాలన్న నిర్బంధం మాత్రం లేదు. మరో సంస్థ నుంచి తగిన మొత్తానికి గృహ రక్ష తీసుకొని బ్యాంకు పేరు చేర్పించి ఇవ్వవచ్చు.

అద్దెకున్నవారు భవనం జోలికి పోనక్కర లేదు. సామానుకు మాత్రమే బీమా చేయించుకోవచ్చు, మొత్తం తామే ప్రకటించాలి. ఇంటి యజమాని పాలసీ అద్దెవారి సామానును కాపాడదు. అపార్టుమెంటు సంఘం తీసుకున్న పాలసీ కూడా భవనం వరకే కనుక, ఫ్లాటు లోపలి సామాను మీ బాధ్యతే. కింద కొట్టు, పైన ఇల్లు ఉండే మన పట్టణాల కట్టడాల్లో మరో చిక్కుంది: గృహ రక్ష నివాసానికే వర్తిస్తుంది. కొట్టుకు, అందులోని సరుకుకు ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ వేరుగా తీసుకోవాలి. 5 కోట్ల రూపాయల దాకా ఆస్తి ఉన్న చిన్న వ్యాపారాల కోసం అది ఏర్పడింది. తక్కువ బీమా 15 శాతానికి మించకపోతే అందులోనూ కోత వేయరు. ఇక సెల్లారులో నిలిపిన కారు ఏ ఇంటి పాలసీలోకీ రాదు. దానికి సొంత నష్టం కలిసిన సమగ్ర మోటారు పాలసీ ఉండాలి, ముంపు ప్రాంతమైతే ఇంజను రక్షణ అనే అదనపు అంశం కూడా తీసుకోవాలి.

ఏడాదికా, ఎక్కువ కాలానికా

గృహ రక్షను ఏడాదికి మించిన కాలానికి తీసుకుంటే బీమా మొత్తం ప్రతి ఏటా 10 శాతం చొప్పున, అదనపు ప్రీమియం లేకుండా, దానంతటదే పెరుగుతుంది. నిర్మాణ వ్యయాలు పెరుగుతున్న కాలంలో ఇది విలువైన సదుపాయం. పునరుద్ధరణ మరచిపోయే ప్రమాదమూ తప్పుతుంది. ఒకేసారి ఎక్కువ డబ్బు కట్టవలసి రావడం ఒక్కటే ఇబ్బంది. మధ్యలో ఇల్లు అమ్మేస్తే కట్టిన డబ్బు పోతుందేమోనన్న సందేహం అక్కరలేదు. 2024 జూన్‌లో ఐ.ఆర్.డి.ఎ.ఐ. జారీ చేసిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం వ్యక్తిగత పాలసీదారు కారణం చెప్పకుండానే ఎప్పుడైనా రద్దు చేసుకుని, ఎక్కువ కాలపు పాలసీలో ఇంకా మొదలుకాని సంవత్సరాల ప్రీమియాన్ని వాపసు పొందవచ్చు. సొంతంగా నివసించే ఇంటికి మూడు నుంచి ఐదేళ్ళ పాలసీ మంచిదని నా సలహా.

ధర విషయంలో ఒక గమనిక: 2007 నుంచి అగ్ని బీమా రేట్లను సంస్థలే నిర్ణయించుకుంటున్నాయి. నిబంధనలు ఒకటే అయిన గృహ రక్షకు కూడా రెండు మూడు సంస్థల నుంచి ఒకే మొత్తానికి ధర అడగడం వృథా కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాలకు జి.ఎస్.టి. తొలగిన సంగతి విని ఇంటి బీమాకూ పోయిందనుకోవద్దు. దీనికి 18 శాతం కొనసాగుతోంది. పోల్చేటప్పుడు పన్నుతో కలిపిన అంకెలనే పక్కపక్కన పెట్టండి.

ధర కంటే క్లెయిము తీరు ముఖ్యం. వరద తగ్గాక బురద కడిగేసి, ఉబ్బిన సామాను వీధిలో పడేసిన తరువాత, నష్టాన్ని అంచనా వేసే సర్వేయరు వస్తే చూడడానికి ఏమీ మిగలదు. ముందు గోడ మీది నీటి మరక దగ్గర నుంచి ప్రతి వస్తువునూ, దాని మోడలు సంఖ్య కనపడేలా ఫొటోలు, వీడియో తీసి, సంస్థకు ఆ రోజే తెలియజేయాలి. సర్వేయరును 24 గంటల్లో నియమించాలని, నివేదిక 15 రోజుల్లో రావాలని, నివేదిక అందిన 7 రోజుల్లో సంస్థ నిర్ణయం చెప్పాలని నియంత్రణ సంస్థ గడువులు పెట్టింది. పత్రాలు లేవన్న ఒక్క కారణంతో క్లెయిము తిరస్కరించరాదని కూడా ఆ 2024 సర్క్యులరే స్పష్టం చేసింది. వరదలో బిల్లులే కొట్టుకుపోయినవారికి ఇది ఎంత పెద్ద ఊరటో చెప్పనక్కర లేదు.

సంస్థ గడువు దాటించినా, కోత అన్యాయమనిపించినా మొదట ఆ సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా తెలియజేసి, నియంత్రణ సంస్థ నడిపే ‘బీమా భరోసా’ పోర్టల్‌లో నమోదు చేయాలి. నెల రోజుల్లో సరైన జవాబు రాకపోతే బీమా ఫిర్యాదులపై తీర్పు చెప్పే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. రుసుము లేదు, న్యాయవాది అక్కరలేదు, 50 లక్షల రూపాయల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఉంది. సంస్థ తిరస్కరించిన నాటి నుంచి ఏడాది లోపు వెళ్ళాలి కాబట్టి, తిరస్కరణ లేఖ వచ్చిన కవరును తేదీతో సహా పాలసీ పత్రం పక్కనే దాచిపెట్టండి.